బాతు బరువూ, బొమ్మ బరువూ



ఈ వేసవి సెలవుల్లో నేను ఒక స్త్రీని మంత్రగత్తెగా నిరూపించే పనిలో చెయ్యి కలిపాను. ముప్పై ఏళ్లుగా హేతువాద సంఘంలో ఉన్నవాడికి ఇదేం పొయ్యేకాలం అనుకోకండి. ఆమె ఎత్తు నాలుగు సెంటీమీటర్లు. ప్లాస్టిక్ మనిషి.

మా పదకొండేళ్ల మనవడికి లెగో ఇటుకలతో సినిమాలు తీసే పిచ్చి పట్టుకుంది. పద్ధతి మీకు తెలిసిందే. బొమ్మను నిలబెట్టి ఫొటో తీయాలి, చెయ్యి ఇసుమంత జరపాలి, మళ్లీ ఫొటో. సెకనుకు పన్నెండు ఫొటోలు వరసగా తిప్పితే బొమ్మ నడుస్తున్నట్టు మన కన్ను మోసపోతుంది. ఇదేం కొత్త విద్య కాదు. డెన్మార్క్‌లో ఇద్దరు పిల్లలు 1973లోనే ఇటుకలతో చంద్రుడి మీదికి ప్రయాణం తీశారు. 1975లో వచ్చిన బ్రిటిష్ హాస్యచిత్రం 'మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్'లోని కామెలాట్ కోట పాటను 2001లో ఇలాగే ఇటుకలతో మళ్లీ తీసి, ఆ సినిమా డీవీడీలో చేర్చారు. పాత హాస్య సన్నివేశాలను బొమ్మలతో తీసి చూసుకోవడం చాలామందికి సరదా అయిపోయింది. మావాడు ఆ పాట చూసి, "తాతయ్యా, ఈ సినిమాలోదే ఇంకో సీను చెప్పు" అన్నాడు.

నేను ఏది చెప్పి ఉంటానో మీరు ఊహించగలరు. మనలాంటి వాళ్లందరికీ ఇష్టమైన ఘట్టం అది. ఊరి జనం ఒక అమ్మాయిని మంత్రగత్తె అంటూ లాక్కొస్తారు, కాల్చెయ్యాలంటారు. బెడివేర్ అనే పెద్దమనిషి తర్కం మొదలెడతాడు. మంత్రగత్తెలు కాలతారు, కట్టె కూడా కాలుతుంది, కాబట్టి మంత్రగత్తెలు కట్టెతో చేసినవాళ్లు. కట్టె నీళ్లలో తేలుతుంది, బాతూ తేలుతుంది, కాబట్టి ఈమె బాతంత బరువుంటే మంత్రగత్తే! తక్కెడ తెస్తారు. ఒక పళ్లెంలో అమ్మాయి, ఇంకో పళ్లెంలో బాతు.

సంఘం శిక్షణ తరగతుల్లో ఈ ఘట్టాన్ని నేను ఎన్నోసార్లు తర్కదోషాల పాఠంగా చెప్పాను. కాలేదల్లా కట్టె కాదు, తేలేదల్లా బాతు కాదు అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు, పాఠం అయిపోయేది. అందులో ఇంకో పాఠం ఉందని బొమ్మలతో తీసేదాకా నాకు తట్టలేదు.

మేం తీసింది నలభై సెకన్ల సీను. అంటే 480 ఫొటోలు. నాలుగు రోజులు పట్టింది. సినిమా చూసేటప్పుడు రెప్పపాటులో దాటిపోయే సంగతి ఇక్కడ మన చేత్తో చేస్తే తప్ప జరగదు. ఆ అమ్మాయి మంత్రగత్తెలా కనిపించేది టోపీ వల్లా, పొడుగు ముక్కు వల్లా. అవి తామే తగిలించామని సినిమాలో జనం నసుగుతూ ఒప్పుకుంటారు, మనం నవ్వి ముందుకు పోతాం. బొమ్మల సినిమాలో ఆ టోపీ దానంతటది రాదు. రెండు ఫొటోల మధ్య నేనే దాన్ని తీసుకుని బొమ్మ తల మీద నొక్కి పెట్టాను. ఎందుకో చెయ్యి కాస్త ఆగింది.

తర్వాత తక్కెడ. సినిమాలో తక్కెడ సమంగా నిలుస్తుంది, అమ్మాయి దోషిగా తేలుతుంది. మావాడి బొమ్మ మూడు గ్రాములుంటుంది. బాతు చిన్న ముక్క. పళ్లేలు కట్టగానే బొమ్మ వైపు టక్కున దిగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఆఖరికి వాడు బొమ్మ పళ్లెం కింద రెండు ఇటుకలు ఇరికించి, కెమెరాకు కనబడకుండా ముందొక గడ్డివాము పెట్టి, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

ఆ మాటతో నాకు 1998 గుర్తొచ్చింది.

మెదక్ వైపు ఒక ఊళ్లో ఒంటరి ముసలమ్మ మీద బాణామతి చేస్తోందని పుకారు పుట్టింది. ఆమె ఇంటి ముందు పసుపు కుంకుమలు పూసిన నిమ్మకాయలు కనబడ్డాయట. మా బృందం నలుగురం వెళ్లాం. నాలుక మీద కర్పూరం వెలిగించాం. మందార పువ్వు రసం పూసిన కత్తితో నిమ్మకాయ కోసి 'నెత్తురు' కార్పించి, అది ఎలా వచ్చిందో విడమర్చి చెప్పాం. బాణామతి లేదని గంటన్నర ఉపన్యసించాం. చప్పట్లు కొట్టారు. చివర్లో వెనక నుంచి ఒకాయన అడిగాడు: "సారూ, అంత మంచిగనే ఉంది. గని ఆ నిమ్మకాయలు ఆడికి ఎట్లొచ్చినయ్?"

"నిమ్మకాయకు ఏ శక్తీ లేదు" అని జవాబిచ్చి, జీపెక్కి వచ్చేశాం.

ఆయన అడిగింది శక్తి గురించి కాదు. ఎవరు పెట్టారు అని. నాలుగు నెలల తర్వాత తెలిసింది, ఆ ముసలమ్మ ఇంటికి తాళం వేసి కూతురి ఊరికి వెళ్లిపోయిందని. ఆమె ఎకరంన్నర చెలకను, నిమ్మకాయలు మొదట చూశామన్న ఇంటివాళ్లే దున్నుకుంటున్నారని కూడా విన్నాను. ఇది రుజువు కాదు. హేతువాదిగా నేను దాన్ని రుజువు అనకూడదు. అడగాల్సిన రోజున ఆ ప్రశ్న అడగలేదన్నది మాత్రం నిజం.

మనం వెళ్లి వాళ్ల తర్కం తప్పని చూపిస్తాం. తర్కం తప్పని తేలితే నమ్మకం వదులుకుంటారని మన నమ్మకం. కానీ సినిమాలో ఆ జనం బెడివేర్ తర్కం విని నిర్ణయానికి రాలేదు. నిర్ణయించుకునే వచ్చారు, టోపీ తగిలించే తెచ్చారు. తర్కం తర్వాత అతికించిన అలంకారం. దాన్ని ఊడగొట్టినా టోపీ టోపీలాగే ఉంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యల కారణాల పట్టికలో మంత్రవిద్యకు విడిగా ఒక వరస ఉంది. ఆ వరసలో చేరే చావులన్నీ తర్కదోషం వల్ల జరిగినవే అనుకుంటే మనమూ అమాయకులమే.

నిజాయితీగా తూచిన చోటు కూడా ఉంది. నెదర్లాండ్స్‌లోని ఔడెవాటర్ ఊళ్లో పాత తూనికల ఇల్లు మ్యూజియంగా నిలిచి ఉంది. మంత్రగత్తెలు గాలిలో ఎగిరేంత తేలిక అని నమ్మిన కాలంలో, అనుమానం పడ్డవాళ్లు అక్కడికి వెళ్లి తూయించుకుని, మామూలు బరువేనని పత్రం తెచ్చుకునేవారు. నమ్మకం మూర్ఖమైనదే. కానీ పళ్లెం కింద ఎవరూ ఇటుక పెట్టలేదు గనుక మనుషులు బతికారు.

అందుకని కార్యక్రమాలు చేసే మిత్రులకు నాదొక సూచన. కర్పూరం వెలిగించండి, మానొద్దు. దాంతోపాటు ఊళ్లో ఈ ప్రశ్నలూ అడగండి: నిమ్మకాయలు మొదట చూసిందెవరు? అంతకు ముందు ఆమెతో ఎవరికైనా గొడవుందా? ఆమె వెళ్లిపోతే ఇల్లూ పొలమూ ఎవరికి కలిసొస్తాయి? చప్పట్లు రావు. ఒక్కోసారి రాళ్లు రావచ్చు. అడిగి వచ్చెయ్యకుండా నెలకోసారైనా ఆ ఊరు వెళ్లి, ఆమె ఇంటి తలుపు తెరిచే ఉందా లేదా చూసి రండి.

మావాడు సీను రెండుసార్లు తీశాడు. రెండోసారి గడ్డివాము పక్కకు తీసేసి, ఇటుకలు ఇరికించే తన చేతిని కూడా ఫొటోల్లో ఉంచాడు. మొదటిది చూసి ఇంట్లో అందరూ నవ్వారు. రెండోది చూశాక మా పనమ్మాయి మాత్రం, "మరి ఆ పిల్లను కాల్చేశారా సార్?" అని అడిగింది.

వచ్చే నెల బడిలో కార్యక్రమానికి రెండోదే తీసుకెళ్తున్నాను.