ఎండకూ వానకూ సిద్ధమైన పెరడు

మా ఖాలా గారి ఇల్లు మంగినపూడిలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంది. ఇంటి వెనుక రెండు సెంట్ల పెరడు. ఖాలూ గారి కుట్టుపని మీద ఆరుగురు ఆధారపడిన కుటుంబం అది. వారం వారం బందరు రైతుబజారుకు వెళ్లి కూరగాయలు కొనడం వారికి చిన్న ఖర్చు కాదు. కాబట్టి ఆ పెరడు వారికి కాలక్షేపం కాదు, వంటింటికి ఆధారం.

2022 ఏప్రిల్‌లో ఖాలా గారు బెండ, బీర, సొర, గోరుచిక్కుడు విత్తనాలన్నీ ఒకే రోజు నాటారు. చెరువు నుండి బిందెలతో నీళ్లు మోసి, నెల రోజులు ఆ మొక్కలను ఎండ నుండి కాపాడుకున్నారు. బీర తీగ పందిరికెక్కింది. బెండ పూతకు వచ్చింది. అంతలో మే 11న అసని తుఫాను వచ్చింది. అది తీరాన్ని తాకకుండానే సముద్రంలో మలుపు తిరుగుతుందని తొలి అంచనాలు చెప్పాయి. చివరికది బలహీనపడి, మచిలీపట్నానికీ నరసాపురానికీ మధ్య తీరం దాటింది. గాలికి పందిరి ఒరిగింది, పెరడు నీటితో నిండింది.

వాన వెలిసి ఎండ కాసిన మూడవ రోజున ఖాలా గారు నాకు ఫోను చేశారు. “బేటీ, నేల తడిగానే ఉంది. మొక్కలు మాత్రం తలలు వాల్చేస్తున్నాయి. ఏం చేయమంటావు?” ఎండ వేడికే వాడిపోతున్నాయనుకున్నాను. ఉదయం, సాయంత్రం మొదళ్లలో కాస్త నీళ్లు పోయమని చెప్పాను. వారం తిరగకుండానే ఒక్క సొర పాదు తప్ప అన్నీ పోయాయి. ఖాలా గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “అల్లాహ్ నిర్ణయం” అని ఊరుకున్నారు. కాని అందులో నా తొందరపాటు కూడా ఉందని నాకు తరువాత అర్థమైంది.

మంగినపూడి ప్రాంతంలోని నేల నల్లని బంకమన్ను. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ముద్దగా మారి నీటిని పట్టి ఉంచుతుంది. వేర్లకు నీరెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మన్ను రంధ్రాలన్నీ నీటితో నిండితే వేర్లకు ఊపిరాడదు. ఊపిరాడని వేర్లు నీటిని పైకి పంపలేవు. అందుకే తడి నేలలో నిలబడి కూడా మొక్క దాహంతో వాడిపోతుంది. ఆ స్థితిలో మనం పోసే ప్రతి చెంబు నీరూ దానికి మరింత హాని చేస్తుంది. వాడిన ఆకును చూసి నీళ్లు పోయకూడదు. ముందు మట్టిలోకి వేలు దించి చూడాలి. నాకు ఈ చిన్న సంగతి తెలియడానికి ఒక కుటుంబపు వేసవి పంట మూల్యమైంది.

మన తీర ప్రాంతపు వేసవి ఇంత చంచలంగా ఎందుకుంటుంది? పగటిపూట నేల వేడెక్కగానే సముద్రం వైపు నుండి చల్లగాలి వీస్తుంది. మధ్యాహ్నానికి ఆ గాలి అందుకుంటే బందరులో ఎండ కొంత శాంతిస్తుంది. పడమటి నుండి వీచే పొడి వడగాలి బలంగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, లేదా రానే రాదు. ఆనాడు సముద్రం పక్కనే ఉండి కూడా కొలిమిలో ఉన్నట్లుంటుంది. ఈ పొడిగాలీ సముద్రపు తేమగాలీ కలిసిన చోట సాయంత్రానికి ఉరుములు, ఈదురుగాలులు పుడతాయి. వీటికి తోడు మే నెల బంగాళాఖాతంలో తుఫానుల కాలం కూడా. 1990 మే 9న కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని తాకిన పెను తుఫానును దివిసీమ పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. రుతుపవనాల రాక కూడా ఏటా ఒకేలా ఉండదు. 2023లో అవి కేరళను జూన్ 8న తాకాయి. 2025లో మే 24నే వచ్చేశాయి. రెండింటి మధ్య పదిహేను రోజుల తేడా. పెరటి మొక్కకు పదిహేను రోజులంటే మొలక దశ నుండి తీగ సాగే దశ వరకు పట్టే కాలం.

మన పెద్దలు ఉపవాసాలకూ పండుగలకూ హిజ్రీ నెలలను లెక్కించేవారు, విత్తనాలకు మాత్రం కార్తెలను చూసేవారు. చాంద్రమాన సంవత్సరం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక, దానిని బట్టి విత్తడం సాధ్యం కాదని వారికి తెలుసు. రోహిణిలో రోళ్లు పగులుతాయనీ, మృగశిరలో తొలకరి పలకరిస్తుందనీ మా నానీమా చెప్పేవారు. ఆ లెక్క తరతరాల పరిశీలన నుండి వచ్చింది. దానిని కొట్టివేయనక్కర లేదు. కాని నేడు ఒక్క దానినే నమ్మి విత్తనాలన్నీ ఒకే రోజు నేలలో వేయడం క్షేమం కాదు. కార్తెతో పాటు వాతావరణ శాఖ హెచ్చరికలను కూడా గమనించాలి. మచిలీపట్నంలోనే ఆ శాఖకు రాడార్ కేంద్రం ఉంది. రైతుల కోసం రూపొందించిన మేఘదూత్ యాప్‌లో రాబోయే రోజుల అంచనాలు తెలుగులోనే లభిస్తాయి. చదువుకుంటున్న మన పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఇంటి పెరటిలో వారికీ ఒక బాధ్యత ఏర్పడుతుంది.

ఇక చేయవలసిన పనులు. మొదటిది, విత్తనాలను మూడు భాగాలు చేసి, పదిహేను రోజుల ఎడంతో మూడు విడతలుగా నాటండి. ఒక విడత వానకు పోయినా మరొకటి నిలుస్తుంది. కొన్ని గింజలు ఎప్పుడూ డబ్బాలో మిగలాలి.

రెండవది, బంకమన్ను పెరడులో చదును మడులు వద్దు. మూడడుగుల వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉండేలా మడులు కట్టి, వాటి నడుమ కాలువ తీసి, ఆ కాలువ పెరడు దాటి బయటకు పోయేలా చూడండి. ఈ పని ఎండలు మండుతున్నప్పుడే పూర్తి చేయాలి. వాన మొదలైన తరువాత బంకమన్నులో పార దిగదు.

మూడవది, మడులపై వరిగడ్డిని గాని మినప పొట్టును గాని రెండు మూడు అంగుళాల మందాన పరచండి. డెల్టాలో ఇవి దొరకడం కష్టం కాదు. తీరప్రాంతపు భూగర్భజలంలో ఉప్పు ఎక్కువ. ఎండకు నేలలోని నీరు ఆవిరైనకొద్దీ ఆ ఉప్పు పైకి చేరి తెల్లగా పేరుకుంటుంది. గడ్డి కప్పితే నీరు ఆవిరి కావడం తగ్గి, ఉప్పు చేరడమూ తగ్గుతుంది. ఉప్పు నీటిని ఆకులపై ఎన్నడూ చల్లవద్దు, మొదలు దగ్గరే పోయండి. చిక్కుడు జాతి మొక్కలు ఉప్పును అసలే ఓర్వవు. వాటికి చెరువు నీరో వాన నీరో కేటాయించండి. మీ బోరు నీటిపై అనుమానం ఉంటే ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వారి సలహా తీసుకోవచ్చు.

ఇక్కడే ఒక మేలు దాగి ఉంది. నీరు పోయే దారి ముందే తీసి ఉంచిన పెరడులో అకాల వర్షం నేలలోని ఉప్పును కడిగి తీసుకుపోతుంది. దారి లేని పెరడులో అదే వాన వేర్లను కుళ్లబెడుతుంది. చూరు కింద ఒక డ్రమ్ము ఉంచితే ఆ వాననీరు తరువాతి ఎండ రోజులకు ఉప్పులేని నిల్వ అవుతుంది.

నాలుగవది నీడ. పందిరిపై తాటాకులు గాని, సగం ఎండను ఆపే నీడ వల గాని విప్పడానికి వీలుగా కట్టుకోండి. వడగాలి రోజుల్లో కప్పండి. తుఫాను హెచ్చరిక రాగానే తీసివేయండి. లేకపోతే గాలి వలతో పాటు పందిరిని కూడా లాగేస్తుంది.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ నీరు వదిలేవరకు ప్రతి బిందె విలువైనదే. మన ఇళ్లలో ప్రతిరోజూ అయిదు పూటలా లభించే నీటిని మనమే తూములో వదులుతున్నాం. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే సుమారు రెండు దోసిళ్ల కొలతతో, వుజూ చేసేవారని హదీసుల ద్వారా తెలుస్తోంది. మనం చెంబుతో ఒక లీటరు వాడినా, అయిదుగురున్న ఇంట్లో అయిదు పూటలకు ఇరవై అయిదు లీటర్లవుతుంది. కింద ఒక బేసిన్ ఉంచి ఆ నీటిని పడితే పన్నెండు కుండీలకు రెండేసి లీటర్లు పోయవచ్చు. వుజూ నీటిలో సబ్బు ఉండదు, అది అశుద్ధమూ కాదు. బియ్యం కడిగిన నీరు కూడా పనికివస్తుంది. చేపలను రాళ్ల ఉప్పుతో రుద్ది కడిగిన నీటిని మాత్రం మొక్కలకు పోయకండి.

ఏ మొక్కలు నాటాలి? టమాటా పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాల్చేస్తుంది. దానిని వర్షాకాలానికి వాయిదా వేయడం మంచిది. గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు ఎండను బాగా తట్టుకుంటాయి. పుదీనాను గోడ నీడలో కుండీలో పెంచండి. వాన వస్తే లోపలికి జరపవచ్చు. దాల్చాకు సొర ఎలాగూ కావాలి. దైవప్రవక్త (స) సొరకాయను ఇష్టంగా తినేవారని హజ్రత్ అనస్ (ర) తెలిపారు. తీగజాతులకు ఎండ ఎక్కువైతే మగ పూలే అధికంగా వస్తాయి. వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది, తేనెటీగలు రావు. అలాంటి రోజుల్లో మగ పువ్వును తుంచి, చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు లోపల మెల్లగా తాకించండి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుతాయి. కాకర, దోస పూలకు ఉదయం అనుకూలం.

వాన వెలిసిన తరువాత రెండు రోజులు కీలకం. నిలిచిన నీటిని తీసివేయండి. తడి మన్నును తొక్కవద్దు, తవ్వవద్దు. ఎండ తీవ్రంగా కాస్తే నీడను తిరిగి కప్పండి, ఎందుకంటే దెబ్బతిన్న వేర్లు ఆకులన్నింటికీ నీరు అందించలేవు. పైపొర ఆరిన తరువాత తేలికగా గుల్ల చేయండి. అంతవరకు నీరు గాని ఎరువు గాని వేయకండి. బెండ ఆకులు ఈనెలతో సహా పసుపు రంగుకు మారితే అది తెల్లదోమ వ్యాపింపజేసే పల్లాకు తెగులు. ఆ మొక్కను పీకి దూరంగా పారవేయండి. మిగిలిన వాటిపై లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సాయంత్రం పూట పిచికారీ చేయండి.

ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఉపదేశించిన సంగతి మనకు తెలుసు. వాన ఎప్పుడు కురవాలో నిర్ణయించడం మన చేతిలో లేదు. వాన నీటికి దారి తీసి ఉంచడం మన చేతిలో ఉంది.

ఆ మరుసటి సంవత్సరం నేను మంగినపూడి వెళ్లి, ఖాలా గారితో కలిసి మడులు ఎత్తు చేశాను. నా సలహా పొరపాటని అప్పుడు ఆమెకు చెప్పాను. ఆమె నవ్వి, బతికిన ఆ ఒక్క సొర పాదు నుండి దాచిన గింజలను నా దోసిట్లో పోశారు. “ఈసారి సగమే నాటుదాం బేటీ, సగం దాచుదాం” అన్నారు. నేనింత వివరంగా చెప్పినదంతా ఆమె ఆ ఒక్క మాటలో చెప్పారు. ఈ వేసవిలో మీరు కూడా గింజలన్నీ నాటకుండా కొన్ని దాచుకోండి. మీ పెరడు పచ్చగా ఉండాలని, అందులో పక్షులకూ పొరుగువారికీ వాటా మిగలాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాను.