టేకు చేప చెప్పిన పాఠం

పిల్లల్ని వెంటబెట్టుకుని విహారయాత్రకు వెళ్ళడమంటే కప్పల తక్కెడ మోయడమే. ఆ సంగతి తెలిసీ ఒప్పుకున్నాను. శ్రీకాకుళానికి దగ్గరలో సముద్రపుటొడ్డు బడికి నా బాల్యమిత్రుడు హెడ్మాస్టరు. "ఒరేయ్, పిల్లలకు విశాఖపట్నంలో మత్స్యదర్శిని చూపించి, చూసినదాని మీద వ్యాసం రాయిస్తాం. తెలుగు లెక్చరరువి గదా, నువ్వొచ్చి దిద్ది బహుమతి నిర్ణయించాలి" అన్నాడు. ఇది 2019 నాటి ముచ్చట.

బస్సులో 100 కిలోమీటర్లు పైబడి ప్రయాణం. నేను ఊరుకుంటానా? మీనం, మత్స్యం, ఝషం, శఫరి అంటూ చేపకున్న పర్యాయపదాలన్నీ ఏకరువు పెట్టాను. గాజుతొట్లలో చేపల్ని ప్రజలకు చూపించే శాల మొదట 1853లో లండను జంతుశాలలో వెలిసిందనీ, మనం మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1909లో, మెరీనా ఒడ్డున అటువంటిదే ఒకటి తెరిచారనీ చెప్పాను. పిల్లలు వేరుశనక్కాయలు వొలుచుకుంటూ శ్రద్ధగా విన్నారు. శ్రద్ధ వేరుశనక్కాయల మీద అని తర్వాత తెలిసింది.

బీచి రోడ్డులో దిగి లోపల అడుగుపెట్టేసరికి గోలంతా సద్దుమణిగింది. నీటి వెలుగులో పిల్లల మొహాలు చూడాలి! సముద్రపు గుర్రాల్లో గుడ్లను సంచిలో మోసి పిల్లల్ని కనేది మగదేనని చెప్పాను. "మరి వాళ్ళమ్మ ఏం చేస్తుందండీ?" అని ఒక అమ్మాయి అడిగింది. "ఆఫీసుకెళ్తుంది" అన్నాడు పక్కవాడు.

ఒక తొట్టి దగ్గర ఇసుక కదిలింది. అట్టులాగా పలచగా ఉన్న చేప ఒకటి పైకి లేచి మళ్ళీ ఇసుకలో కలిసిపోయింది. దాని పేరు నాకు తెలియదు. నీళ్ళు నములుతుంటే వెనకనించి సన్నని గొంతు వినిపించింది.

"టేకండి మేస్టారూ. ఇసక కప్పేసుకుని తొంగుంటాది. తోకలో ముల్లుంటాది. నీటిలో దిగినప్పుడు కాలెత్తి ఎయ్యకూడదండి, ఈడుస్తూ ఎల్లాల. కాలు తగిల్తే అదే పారిపోద్ది. తొక్కితే ముల్లు దిగిపోద్ది."

బడిలో నోరు విప్పని జాలరి పిల్లవాడట. పిల్లలంతా వాడి చుట్టూ చేరారు.

"నీకెవరు చెప్పారురా?"

"మా బాబండి. ఈరావల్ ఎల్నాడు."

గుజరాతులోని వెరావల్ అది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు ఏటా అక్కడి మరపడవల మీద కూలికి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన కొందరిని తమ జలాల్లోకి వచ్చారంటూ పాకిస్తాను వారు పట్టుకుపోయారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఈ గడ్డమీద కాలుపెట్టేదాకా ఒడ్డునున్న పల్లెలకు కంటిమీద కునుకు లేదు. అప్పటికింకా వాళ్ళు చెరలోనే ఉన్నారు. అందుకని ఆ కుర్రవాణ్ణి మరేమీ అడగలేకపోయాను.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే వాడు చెప్పింది అక్షరాలా నిజం. టేకుకు నోరు పొట్టవైపు ఉంటుంది. ఇసుకలో పడుకుని నోటితో నీరు పీలిస్తే ఇసుకే వస్తుంది గనుక, కళ్ళ వెనకనున్న రంధ్రాలతో నీరు తీసుకుని అడుగునున్న మొప్పలగుండా వదులుతుంది. తోకముల్లుకు రంపపు పళ్ళు, పైగా విషం.

సాయంకాలం వ్యాసాలు నా చేతికొచ్చాయి. ఎర్రసిరా కలం తీశాను. ఒక అమ్మాయి "మత్స్యములు జలమందు విహరించుచు కనువిందు చేసినవి" అని రాసింది. మొదటి బహుమతి ఆమెకు ఖాయం చేశాను. జాలరి పిల్లవాడి కాగితంలో చేపల పేర్లు పదకొండున్నాయి. తొంగుంటాది, ఎల్లాల, దిగిపోద్ది అన్నవాటి కింద గీతలు గీసి, పదికి నాలుగు వేశాను.

రాత్రి నిద్ర పట్టలేదు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి మీద ఉపన్యసించేది నేనే. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట మా శ్రీకాకుళం దగ్గరదే. వాడుక భాషకు బడిలో పీట వేయించడానికి ఆయన జీవితమంతా పోరాడారు. సవరల దగ్గర కూర్చుని వారి మాట నేర్చుకుని, 1938లో దానికి నిఘంటువు తెచ్చారు. వేదికెక్కి ఆయనకు దండలు వేసే నేను, ఎర్రసిరాతో చేసిన పని ఏమిటి?

లేచి దీపం వేసి ఆ కాగితం మళ్ళీ చదివాను. ఇందాక తప్పుల వేటలో పడి చూడని చివరి మాటలు కనిపించాయి: "మా బాబు తెచ్చినివన్నీ సచ్చిపోయినివే. టేకు బతికుండి ఈత కొట్టడం ఇదే సూడ్డం. మా బాబు వస్తే తీసుకొచ్చి సూపిత్తాను."

ఆ రోజు చూసినదాన్ని చూసినట్టు రాసింది వాడొక్కడే.

తెల్లవారగానే మిత్రుడికి టెలిఫోను చేశాను. "ఆ అమ్మాయికి మొదటి బహుమతని చెప్పేశాంగదా" అని నసిగాడు. "ఆమెది ఆమెకే ఉంచు. రెండో పుస్తకం ఖర్చు నాది" అన్నాను. ప్రార్థన సమయంలో పిల్లవాడు తన కాగితం తానే చదివాడు, ఒక్క మాట మార్చకుండా. ఎర్రగీతల గురించి వాడికి క్షమాపణ చెప్పుకున్నాను. వాడు సిగ్గుపడి పారిపోయాడు.

ఇప్పుడా బడిలో ఒక నోటుబుక్కుంది. ఒకవైపు ఇంట్లో పిలిచే చేప పేరు, రెండోవైపు పుస్తకంలో పేరు. తాతల్నీ అమ్మల్నీ అడిగి పిల్లలే నింపుతున్నారు. మొన్న వెళ్ళేసరికి పేర్లు నలభై దాటాయి. వాటిలో నాకు తెలిసినవి ఆరు.

నాకు పదికి ఎన్ని మార్కులో మీరే వేయండి.