తాతయ్య స్వెటర్‌లోంచి ఓ టోపీ

టికెట్టు ఏప్రిల్ 2కి. సూట్‌కేసులో సగం కారప్పొడులు, సగం ఊలు ఉండలు. అమెరికాలో కూతురికి తొలికాన్పు మరి! మన్సూరాబాద్‌లోని ఆ రిటైర్డు టీచరుగారు నెలరోజులుగా సర్దుకుంటూనే ఉన్నారు. ఇంతలో 2020 మార్చి 22, ఆదివారం... జనతా కర్ఫ్యూ. అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. సాయంత్రం అయిదింటికి వీధంతా చప్పట్లు, పళ్లేల మోత. ఆవిడా బాల్కనీలో నిలబడి గంటెతో పళ్లెం కొట్టారు. లోపలికొచ్చి సూట్‌కేసు తెరిచారు. పొడుల డబ్బాలు వంటింట్లోకి వెళ్లాయి. ఊలు మంచం మీదికొచ్చింది.

హైదరాబాద్ చలికి స్వెటర్లు అల్లాల్సినంత అవసరం ఏనాడూ లేదు. అయినా ఒకప్పుడు బస్సుల్లో, స్టాఫ్‌రూముల్లో సూదులు ఆడుతూనే ఉండేవి. ఆ తరం చేతులకు అదో అలవాటు. మామూలు వరసైతే కళ్లతో పనే లేదు. అందుకే టీచరుగారు ఒళ్లో అల్లిక, ఎదురుగా పుస్తకం పెట్టుకునేవారు. పేజీ మూసుకుపోకుండా పైన పోపులడబ్బా మూత!

పుస్తకం ఆయనది. నాలుగేళ్ల కిందట పోయిన మాస్టారు అట్టలేసి దాచుకున్నది... 'రెండు మహానగరాలు'. 1859లో చార్లెస్ డికెన్స్ తన వారపత్రికలో సీరియల్‌గా రాసిన నవలకు తెన్నేటి సూరి తెలుగు చేత. అందులోనూ ఒకావిడ అల్లుతూ ఉంటుంది. మదాం డిఫార్జ్. తల తెగాల్సిన శత్రువుల పేర్లన్నీ ఆ అల్లికలోనే గుర్తులుగా వేసుకుంటుంది. అక్కడికొచ్చేసరికి టీచరుగారి చేతులు ఆగాయి. చూసుకుంటే ఓ కుట్టు జారి పదకొండు వరసలు కిందికి దిగింది! డిఫార్జ్‌ను తిట్టుకుంటూ అంతా విప్పి మళ్లీ మొదలెట్టారు.

మంగళవారం అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్. తెల్లారితే ఉగాది. వేపపూత ఎదురింటి చెట్టుది, మామిడికాయ పక్కింటివాళ్లది. విజయవాడ హైవే మీద లారీల హోరు తగ్గి, హరిణ వనస్థలి వైపు నుంచి నెమలి కూత ఇంట్లోకే వినిపించింది.

గురువారానికి చిన్న స్వెటరూ, సాక్సులూ పూర్తయ్యాయి. టోపీకి ఊలు చాల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎప్పుడూ కొనే కొట్టుకు తాళం. పాలూ కూరగాయలూ అంటే అత్యవసరం... ఊలంటే పోలీసులు నవ్వరూ!

రాత్రి ఫోన్‌లో కూతురు ఏడ్చేసింది. "నువ్వు లేకుండా నావల్ల కాదమ్మా" అంది. "ఊరుకోవే, నేను రాకున్నా నా టోపీ వస్తుంది" అన్నారు ఈవిడ. ఎలా వస్తుందో ఆవిడకూ తెలీదు.

శుక్రవారం బీరువా తెరిచారు. కలరా ఉండల వాసన మధ్య మాస్టారి లేతనీలం స్వెటర్. 1986లో కాశీ ప్రయాణానికని ఆవిడే అల్లింది. చాలాసేపు ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత కత్తెర తీసుకుని భుజం దగ్గర కుట్టు కోశారు. కొస దొరికాక లాగితే చెయ్యి మొత్తం సరసరా ఊడొచ్చేసింది. ముప్పయి నాలుగేళ్లు ముడుచుకున్న పోగు... నూడుల్స్‌లా వంకర్లు. కుర్చీ వీపుకు చుట్టి చిలపగా తీసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కొసన గరిటె బరువుగా కట్టి నీడన ఆరేశారు. మోచేతి దగ్గర అరిగిన పోగు పక్కన పెట్టేశారు.

శనివారం 72 కుట్లతో మొదలెట్టారు. ఈసారి పుస్తకం తెరవలేదు.

ఆదివారం పొద్దున వీడియోకాల్. టోపీ సైజు చూపించడానికి ఇంట్లో చంటితల ఎక్కడిది? ఉగాది కలశం మీది కొబ్బరికాయకు తొడిగారు. అటువైపు కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి, "ఆ రంగు నాన్నది కదూ?" అంది. ఈవిడ కొబ్బరికాయ మీద టోపీ సర్దుతూ ఉండిపోయారు.

ఒంటిచేతి స్వెటర్ మడతపడి మళ్లీ బీరువాలోకి వెళ్లింది.