ఇథనాల్‌ గిరాకీ మాటున జన్యుమార్పిడి మొక్కజొన్న

నిర్మల్‌: పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు గిరాకీ పెరగడంతో నిన్నటి వరకు దాణా పంటగా ఉన్న మొక్కజొన్న నేడు ఇంధన పంటగా మారింది. ఈ మార్పు తెలంగాణ రైతుకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది రెండు అంశాలపై ఆధారపడి ఉంది. ఒకటి ధర, రెండోది విత్తనం.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌ కలపాలన్న లక్ష్యానికి 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030ని గడువుగా నిర్దేశించింది. కేంద్రం 2022లో ఆ గడువును 2025-26కు కుదించింది. 2023లో భారత ఆహార సంస్థ బియ్యం సరఫరా నిలిచిపోయింది. అదే ఏడాది డిసెంబరులో చెరకు రసం వినియోగంపై ఆంక్షలు వచ్చాయి. దీంతో డిస్టిలరీలు మొక్కజొన్న వైపు మళ్లాయి. టన్ను గింజల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్‌ వస్తుంది. ఒకప్పుడు మొక్కజొన్నను ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్‌ వంటి దేశాల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

పిప్పి దారిలో ఆహారంలోకి..

ఈ కొరతే జన్యుమార్పిడి పంటల చర్చకు తిరిగి తెర లేపింది. అమెరికాలో పండే మొక్కజొన్నలో 90 శాతానికి పైగా జన్యుమార్పిడి రకాలే. 140 కోట్ల జనాభా ఉన్న భారత్‌ తమ మొక్కజొన్నను ఎందుకు కొనదని ఆ దేశ వాణిజ్య మంత్రి హోవార్డ్‌ లుట్నిక్‌ 2025 సెప్టెంబరులో బహిరంగంగానే ప్రశ్నించారు.

ఇంధనానికి వాడే గింజ మనుషులు తినేది కాదు కనుక అభ్యంతరం దేనికన్న వాదన పైకి సబబుగానే తోస్తుంది. అయితే గింజలోని పిండి పదార్థం మాత్రమే ఇథనాల్‌ అవుతుంది. బరువులో దాదాపు మూడో వంతు ఉండే పిప్పి కోళ్లకు, పశువులకు దాణాగా వెళుతుంది. 2021లో దాణా కొరత ఏర్పడినప్పుడు కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండికి అనుమతి ఇచ్చిన మాట వాస్తవమే. కానీ పిండి మొలకెత్తదు. గింజ మొలకెత్తుతుంది.

పత్తి నేర్పిన పాఠం

2002లో అనుమతి పొందిన బీటీ పత్తి తొలినాళ్లలో కాయతొలుచు పురుగును అదుపు చేసింది. విత్తనం ధర మాత్రం రైతు చేతిలో లేకుండా పోయింది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించిన తరువాతే 450 గ్రాముల ప్యాకెట్‌ రూ.750కి దిగింది. కాలక్రమంలో గులాబీ రంగు పురుగు ఆ విత్తనాన్ని తట్టుకునే శక్తిని సంతరించుకుంది. మొక్కజొన్న విషయంలో ఈ అనుభవాన్ని విస్మరించడం విజ్ఞత కాదు.

లాభం ఎవరికి?

ఇథనాల్‌ పేరిట రైతుకు గిట్టుబాటు దక్కుతోందా అంటే అదీ అనుమానమే. 2025-26కు కేంద్రం క్వింటాలుకు రూ.2,400 మద్దతు ధర ప్రకటించింది. వానాకాలం పంట మార్కెట్లకు చేరేసరికి పలుచోట్ల ధర అంతకన్నా దిగువకు పడిపోయింది. పొరుగున కర్ణాటకలో రైతులు ఆందోళనకు దిగారు. ఇక పరిశ్రమల భారమూ పల్లెలపైనే పడుతోంది. నిర్మల్‌ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్‌ పరిశ్రమ వద్దంటూ 2024 నవంబరులో గ్రామస్థులు రహదారిని దిగ్బంధించగా పనులు నిలిపివేయాలని ఆదేశాలు వెలువడ్డాయి.

చమురు సంస్థలు మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు రూ.71.86 ముందుగానే ఖరారు చేశాయి. డిస్టిలరీకి లభించిన ఆ భరోసా గింజ పండించిన రైతుకు లేదు. మద్దతు ధరకే కొనాలన్న షరతును డిస్టిలరీలకు విధిస్తే ఇక్కడి రైతే సాగు పెంచుతాడు. ఆ పని చేయకుండా కొరత పేరిట జన్యుమార్పిడి గింజకు తలుపులు తెరిస్తే ధర, విత్తనం రెండూ రైతు చేజారిపోతాయి.