ఇనుపపట్టాల ఆయుర్దాయము

నెక్కొండ స్టేషనులో ఒక గడియ నిలిచినవారికి కాజీపేట–విజయవాడ మార్గముపై పట్టాలు పడు శ్రమ తెలియును. ప్రయాణికుల బండి వెనుకనే బొగ్గు గూడ్సుబండి వచ్చును. అట్టి నిండుబండి యొక్కటి పోయినంతనే రెండువందలకు పైగా ఇరుసులు పట్టాను త్రొక్కును. వైశాఖపు టెండకు పట్టా సాగజూచును. పుష్యమాసపు రాత్రి చలికి ముడుచుకొనజూచి బిగిసిపోవును. అతుకులు విరుగుట తరచుగా అట్టి చలిరాత్రులందే. ఇట్టి పట్టా ఎన్నాళ్లు నిలుచునని ప్రజలు ప్రశ్నించుట న్యాయము.

ఇనుము పెద్ద బరువునకు మాత్రమే విరుగునని తలచుట పొరపాటు. ఒక్కసారి పడిన విరువజాలని బరువైనను, లక్షలసారులు పడినచో సన్నని చీలికను పుట్టించి, పెంచి, తుదకు విరుచును. రైలు ఇరుసులను పరీక్షించి జర్మను ఇంజనీరు ఆగస్టు వోలర్ 1870 నాటికే దీనిని స్థాపించెను.

బరువులు మారుచుండ లెక్క యెట్లు? 1924లో స్వీడనువాడగు పామ్‌గ్రెన్, 1945లో అమెరికాలో మైనర్ చూపిన మార్గము షావుకారు చిట్టా వంటిదే. లక్షమారులు పడిన విరుచునట్టి బరువు పదివేలమారులు పడెనేని, ఆయువులో పదియవవంతు ఖర్చయినట్లు. అన్ని బరువుల ఖర్చులను కూడగా మొత్తము నిండిననాడు ఆయువు తీరినట్లు. అయినను ఇది అంచనాయే. బరువులు పడిన క్రమమును, తుప్పును ఇది యెరుగదు. కావున అతిధ్వని యంత్రముతో లోపలి చీలికలను వెదకుట తప్పదు.

2005 మొదలు మన రైల్వేలు కొన్ని మార్గములలో గూడ్సుబండ్ల ఇరుసుబరువును 20.32 టన్నులనుండి 22.9 టన్నులవరకు పెంచినవి. ఆదాయము పెరుగుట సంతోషమే. కాని బరువు ఎనిమిదవవంతు పెరిగిన ఆయువు ఎనిమిదవవంతే తగ్గదు. ఆ పెరుగుదల నిష్పత్తిని ఐదుమారులు హెచ్చవేసినంత నష్టము కలుగునని యెంచినచో, ఆయువు ఇంచుమించు సగమునకు దిగును. ఆదాయపు పద్దు వ్రాసినవారు ఈ ఖర్చుపద్దును వ్రాయవలదా?

2000 సంవత్సరమున ఇంగ్లండులోని హాట్‌ఫీల్డు వద్ద పట్టా తునుకలై నలుగురు మరణించిరి. చీలికలు ముందే తెలియును. మార్పు మాత్రము వాయిదాపడెను. తెలిసియు ఆలసించుట అజ్ఞానముకంటె ఘోరము.

1889లో నిజాము రాజ్యమున పూర్తియైన యీ మార్గము నేడు ప్రజల సొత్తు. ప్రతి స్టేషనుకును నడుమగల పట్టాలు మోసిన బరువెంత, మిగిలిన ఆయువెంత, దొరికిన చీలికలెన్ని యను లెక్కను రైల్వేవారు ఏటేట ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. ఎండవానలలో పట్టావెంట నడుచు గ్యాంగుమను కంటికి కనబడని చీలికకు అతనినే దోషిని చేయుట అధర్మము. లెక్క యడుగుట మన హక్కు. చెప్పుట వారి విధి.