పన్నుట

నేడు ‘పన్నుట’ యను క్రియ మన పత్రికలలో కుట్రకును కుతంత్రమునకును తఱచు తోడుగా నిలుచుట నాకు మిక్కిలి ఖేదము గూర్చుచున్నది. ముత్తుకూరు మండలమున, కండలేరు కడలిని గలియు కృష్ణపట్నము చెంత, ఆటుపోటుల వేళ నెఱిగి, పైయంచున బెండ్లును క్రిందియంచున సీసపు గుండ్లును గట్టిన వలను నీట పన్ను జాలరి యే కుట్ర తలపెట్టినాడు? నెల్లూరి తిక్కన 13వ శతాబ్దమున తెనిగించిన భారత యుద్ధపర్వములలో వ్యూహము పన్నుట సేనానికి విద్యయే గాని నింద్యము గాదు. స్థితిగతుల నెఱిగి, సాధనముల నమర్చి, ఫలమునకై ఓర్పుతో నిరీక్షించుటయే యీ క్రియకు హృదయము. కావున దీనిని దుష్టుల చెఱనుండి విడిపించి, పల్లెకు మంచినీటి యుపాయమును, చేనికి వరద గట్టును పన్నువారి పరము చేయుదము.