రోజాకు ముందే మందుల చీటీ మారాలి

పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం అయిదింటికి యాభై అయిదేళ్ల ఆవిడను క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, మాట తడబడుతోంది. షుగర్ చూస్తే 48. ‘నాలుగింటి నుంచే ఇలా ఉంది సాబ్, ఇఫ్తార్‌కు ఇంకెంతసేపులే అని ఆగాం’ అన్నాడు కొడుకు. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నారు. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి రాత్రంతా ఉంచుకున్నాం. చీటీ చూస్తే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఉంది. ఆ రాత నాదే. పొద్దుటి మాత్రను ఆవిడ సహరీలో వేసుకున్నారు. అంతకు రెండు వారాల ముందు ఓపీకి వచ్చినప్పుడు, రోజా ఉంటారా అని నేను అడగలేదు.

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో మే మధ్యలో మొదలైంది, ఇప్పుడు ఫిబ్రవరి, మార్చికి వచ్చింది. హైదరాబాద్‌లో అప్పుడు సుమారు పద్నాలుగున్నర గంటల ఉపవాసం, పైన మండుటెండ. ఇప్పుడు పదమూడు గంటలే. ఒంట్లో నీరు తగ్గి వచ్చేవాళ్లు తగ్గుతారు, నిజమే. లో షుగర్‌కు మాత్రం ఎండతో పని లేదు. పైగా చల్లగా ఉంది కదా అని, ఎండాకాలంలో మానేసిన పెద్దవాళ్లు మళ్లీ ఉంటామంటున్నారు.

13 దేశాల్లో పన్నెండు వేల మందికి పైగా షుగర్ రోగులను పరిశీలించిన ఎపిడయార్ అధ్యయనం 2004లో వెలువడింది. టైప్ 2 రోగుల్లో తీవ్రమైన లో షుగర్ రంజాన్‌లో ఏడున్నర రెట్లు పెరిగిందని తేల్చింది. నాకు ఇంకా ముఖ్యమనిపించే సంగతి వేరే ఉంది. వాళ్లలో 79 శాతం మంది కనీసం పదిహేను రోజులు ఉపవాసం ఉన్నారు. ‘ఉండొద్దు’ అని చెప్పి డాక్టరు చేతులు దులుపుకుంటే, మనకు చెప్పకుండా ఉంటారంతే.

అన్ని మాత్రలతోనూ ప్రమాదం ఒకేలా ఉండదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి భయం తక్కువ. గ్లిమిపిరైడ్ లాంటివి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటాయి. వీటి ప్రధాన మోతాదును ఇఫ్తార్‌కు మార్చి, సహరీ మోతాదును తగ్గించాల్సి ఉంటుంది. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరతోపాటు నీటినీ మూత్రంలో పంపేస్తుంది, అది కూడా ఇఫ్తార్‌తోనే మేలు. ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మనిషిని చూసి డాక్టరే చెప్పాలి. పక్కింటివారి చీటీ పనికిరాదు.

డయాలసిస్‌లో ఉన్నవారు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, షుగర్ ఉన్న గర్భిణులు, మూడు నెలల్లోపు తీవ్రమైన లో షుగర్ వచ్చినవారు ఉపవాసం ఉండకపోవడమే మంచిది. రోగులకు ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. మసీదులో ఇమామ్‌ను అడిగి రమ్మని నేనే పంపుతుంటాను. నా మాటకన్నా ఆయన మాట త్వరగా చెవికెక్కుతుంది. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా చెడుతుందన్న భయం చాలామందికి ఉంది. చెడదనే మతపండితులు చెబుతున్నారు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా అప్పటికప్పుడు ఉపవాసం విరమించాలి. తగ్గినప్పుడు గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా ఆగకూడదు.

తిండి విషయంలో ఇంట్లోవాళ్లకు తెలియనిది తక్కువ. సహరీ మానొద్దు, వీలైనంత ఆలస్యంగా తినండి. షుగర్ ఉంటే ఖర్జూరాలు ఒకటి రెండు చాలు. హలీమ్‌లో గోధుమ, పప్పు, మాంసం అన్నీ ఉన్నాయి, చిన్న గిన్నెడు అయితే మంచి ఆహారమే. (ఉపవాసం లేకుండా రోజూ ప్లేటు లాగించే మాలాంటివాళ్ల సంగతి వేరే చెప్పాలి.) ఇఫ్తార్‌కు ముందు వాకింగ్ వద్దు. తరావీహ్ నమాజే కొంత వ్యాయామం.

రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందు ఇంటికి వెళ్లడానికి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుమతిస్తున్నాయి. మంచిదే. అంతకన్నా ముందు, షాబాన్ నెలలో షుగర్ మాత్రల కోసం వచ్చినవారిని ‘రోజా ఉంటారా’ అని అడిగి, వేళలు మార్చి రాయడానికి ఓపీలో రెండు నిమిషాలు చాలు. దానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. మా గదిలో ఇప్పుడు చీటీలపై పొద్దున, రాత్రి అని కాకుండా సహరీ, ఇఫ్తార్ అని రాస్తున్నాం. మీ డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ఈద్ మర్నాటి నుంచి ఏ మోతాదు వేసుకోవాలో కూడా అదే చీటీపై రాయించుకోండి. షీర్ ఖుర్మా హడావిడిలో మరిచిపోయి, పది రోజుల తర్వాత షుగర్ 350తో వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.